తుప్పు నల్లబడింది, చావలేదు: పికప్ బండికి తుప్పు మందు పూసిన 19 నెలల తర్వాత

తుప్పు మందుల గురించి రాసేవాళ్లలో చాలామంది పూసిన వారం లోపే రాసేస్తారు. ఆ వారంలో ఎవరికైనా బాగానే ఉంటుంది. ఎర్రగా పొట్టు లేచిన రేకు కాస్తా నల్లగా, నున్నగా మారిపోతే ఎవరికి సంతోషంగా ఉండదు? నేనూ ఆ వారంలోనే రాసి ఉంటే 5కి 5 ఇచ్చేసేవాణ్ణి. పూసి ఇప్పటికి 19 నెలలైంది. రెండు వానాకాలాలు పోయాయి. బండి ఒక్క వారం కూడా ఖాళీగా నిలబడలేదు. ఇప్పుడు అడిగితే 3 ఇస్తాను. మిగతా 2 ఎక్కడ పోయాయో చెప్పడానికే ఈ రాత.

ముందు బండి సంగతి. మాది మొక్కల నర్సరీ. బండి 11 ఏళ్ల పాత సింగిల్ క్యాబిన్ పికప్. దాని తొట్టిలోకి ఎక్కేవన్నీ తుప్పుకి మేతే: తడి మట్టి, నీళ్లు కారే కుండీలు, పశువుల ఎరువు, సంచి చిరిగి రాలిన పొటాష్. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, అదీ ఒక రకం ఉప్పే. గాల్లోని చెమ్మను లాక్కుని రేకుని అంటిపెట్టుకుంటుంది. నేనేమో తొట్టిలో మందపాటి రబ్బరు మ్యాట్ ఒకటి పరిచి, అది రేకుని కాపాడుతోందని ఏళ్ల తరబడి నమ్మాను. గీతలు పడకుండా కాపాడిన మాట నిజమే. కిందకి దిగిన నీళ్లని కూడా అంతే శ్రద్ధగా కాపాడింది. దాన్ని ఎత్తి చూసిన రోజు తొట్టి గాడుల్లో తడి మట్టి, దాని కింద ఎర్రటి పొట్టు. వేలితో గీరితే పొరలు పొరలుగా లేచి వచ్చింది.

అయితే నన్ను కంగారు పెట్టింది తొట్టి కాదు. ఎడమ వెనక చక్రం పైన, మడ్‌గార్డ్ వంపు అంచున పెయింట్ కింద పెసరగింజంత బుడగలు మూడు కనిపించాయి. పెయింట్ పగలలేదు, మెరుపు పోలేదు, ఊరికే ఉబ్బింది అంతే. స్క్రూడ్రైవర్ మొన ఆనించి నొక్కాను. గట్టిగా కూడా కాదు. కరకరమని చిన్న చప్పుడుతో మొన లోపలికి దిగిపోయింది. బయటికి లాగితే కాఫీ పొడి రంగులో తడిపొడిగా ఏదో రాలింది. రేకు అనుకున్నది రేకు కాదు, పెయింట్‌కి వెనక అతుక్కుని నిలబడిన తుప్పు.

ఇనుము తుప్పుగా మారితే మొదట పట్టిన చోటు దానికి చాలదు, రెండింతలకు పైగానే కావాలి. అందుకే పెయింట్‌ని అలా పైకి నెడుతుంది. అంటే బయటికి బుడగ కనిపించే సమయానికి లోపల కథ ఎప్పుడో మొదలై ఉంటుందన్నమాట. పైగా బాడీ రేకు మందం ఎంతని? ముప్పాతిక మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ. అందులో సగం తినేశాక మనకి తెలుస్తుంది.

ఇంకో పాత గాయం కూడా ఉంది. నాలుగేళ్ల కిందట కుడివైపు ఇదే చోట చిల్లు పడితే ఒకచోట బాగు చేయించాను. ఎక్కడో, ఎవరో రాయను. వాళ్లు చిల్లులో జాలీ ముక్క కుక్కి, పైన పుట్టీ నింపి, రుద్ది, పెయింట్ కొట్టి ఇచ్చారు. చూడ్డానికి అద్దంలా ఉంది. ఎనిమిది నెలలకి పుట్టీ అంచు చుట్టూ గీత పడింది, ఏడాదికి మొత్తం బిళ్లలా చేతిలోకి ఊడి వచ్చింది. బాడీ పుట్టీ నీళ్లని పీల్చుకుంటుందని, వెనక నుంచి తడి తగిలే చోట దాన్ని రేకుకి బదులుగా వాడకూడదని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఏ పాత బండి చూసినా ఫ్రిజ్‌కి అంటించే చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి చక్రాల వంపుల చుట్టూ తిప్పుతాను. పట్టు వదిలేసిన చోట పుట్టీ ఉందని అర్థం. ఆ అలవాటు ఒక్కటే ఆ రిపేరు నాకు మిగిల్చింది.

అందుకే ఈసారి నేనే చేసుకుందామని కూర్చున్నాను. తుప్పు మందు సీసా తెచ్చిచ్చింది మా మేనల్లుడు. "మామయ్యా, గీకక్కర్లేదట, పూస్తే తుప్పే పెయింటైపోతుందట" అన్నాడు. సీసా వెనక అక్షరాలు చదివితే ఎక్కడా గీకక్కర్లేదని లేదు. ముందువైపు బొమ్మ చూస్తే మాత్రం అలాగే అనిపిస్తుంది.

పేరు రాయడం లేదు. నేను చెప్పేది ఒక్క సీసాకే కాదు, ఆ జాతి మొత్తానికీ వర్తిస్తుంది. వెనక టానిక్ యాసిడ్ అని, పక్కనే ఏదో పాలిమర్ అని రాసి ఉంటే ఇదే జాతి. టానిక్ యాసిడ్ తుప్పుతో కలిసి ఐరన్ టానేట్ అనే నల్లటి పదార్థం అవుతుంది. కరక్కాయ, అన్నభేది కలిపి చేసే పాతకాలం సిరా నలుపు కూడా ఇదే. పాలిమర్ దాని మీద పొరలా ఆరి ప్రైమర్ పని, అంటే పెయింట్ కింద వేసే మొదటి కోటు పని చేస్తుంది. ఇంకో జాతిలో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటుంది. అది తుప్పుని ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. వాటిల్లో చాలావాటిని తర్వాత నీళ్లతో కడిగెయ్యాలి. రెండూ ఒకటే అనుకుని ఒకదాని పద్ధతి ఇంకోదానికి వాడితే రెండూ పాడవుతాయి.

ఇక పని. మందు పూయడం అరగంట. దానికి ముందు పని రెండు రోజులు పట్టింది. ఈ రెండు రోజుల గురించి సీసా మీద ఒక్క లైనే ఉంది: "వదులుగా ఉన్న తుప్పును తొలగించండి."

తొట్టి ఖాళీ చేసి, మ్యాట్ పారేసి, సబ్బు నీళ్లతో కడిగాను. ఒకసారి కాదు, మూడుసార్లు. ఉప్పు గుంటల్లో ఉండిపోతే పైన ఏం పూసినా కింద నుంచి మళ్లీ మొదలవుతుంది. తర్వాత గ్రైండర్‌కి వైర్ కప్ (గిన్నెలా ఉండే వైర్ బ్రష్) బిగించి మొదలుపెట్టాను. ఇక్కడే నా మొదటి తప్పు. వైర్ బ్రష్ పొట్టుని ఎగరగొడుతుంది, నిజమే. కానీ గుంటల్లో కూరుకున్న తుప్పుని గీకదు, మెరుగు పెడుతుంది. అరగంట రుద్దాక రేకంతా ముదురు గోధుమ రంగులో నిగనిగలాడుతుంటే ఇనుము బయటపడిందని మురిసిపోయాను. ఇనుము రంగు అది కాదు కదా! ఎండలోకి వంగి చూస్తే ప్రతి గుంటలోనూ నల్లటి చుక్క. అప్పుడు వైర్ కప్ తీసేసి, స్పాంజిలా గరుకుగా ఉండే స్ట్రిప్ డిస్క్ బిగించాను. అది రేకుని పెద్దగా తినకుండా పెయింట్‌నీ తుప్పునీ లాగేస్తుంది. ఉప్పుకాగితం రెక్కలుండే ఫ్లాప్ డిస్క్ వాడితే ఇంకా తొందరగా అవుతుంది, కానీ ముప్పాతిక మిల్లీమీటరు రేకు మీద దానితో తొందర ఎందుకు? మూలల్లో 80 నంబరు ఉప్పుకాగితం మడిచి చేత్తోనే రుద్దాను. కళ్లద్దాలు, మాస్కు పెట్టుకోకుండా ఈ పని మొదలెట్టకండి. కప్ నుంచి ఊడిన వైరు ముక్క ఒకటి నా చొక్కా గుడ్డలో సూదిలా గుచ్చుకుని కనిపించింది.

గీకడం ఎక్కడ ఆపాలన్నదే ఈ మందుతో వచ్చే చిక్కు. పొట్టు ఉంటే మందు పొట్టుకే అంటుకుని, పొట్టుతోపాటే రాలిపోతుంది. పూర్తిగా తెల్లటి ఇనుము వచ్చేదాకా గీకితే మందుకి పని లేదు. దానికి కావలసింది తుప్పు. మెరిసే ఇనుము మీద పూస్తే గట్టిగా పట్టదు, కొన్నిచోట్ల అక్కడే సన్నగా కొత్త తుప్పు వచ్చింది కూడా. గోరుతో గీరితే రాలనంత గట్టిగా, పల్చగా, ఎర్రగా ఉన్న పొర మిగలాలి. ఆ లెక్క కుదిరినచోట మందు అద్భుతం.

పొద్దున ఎండ రేకు మీద పడక ముందు పూశాను. కాలే రేకు మీద పూస్తే లోపలికి దిగక ముందే పైన ఆరిపోతుంది. సీసాలో బ్రష్ ముంచకండి, చిన్న డబ్బాలోకి కొంచెం వంచుకోండి. తుప్పు తగిలిన బ్రష్ సీసాలోకి వెళ్తే సీసాలో ఉన్నదంతా గడ్డకట్టడం మొదలవుతుంది. వంచుకున్నది మిగిలినా తిరిగి పోయకండి. ఇది సీసా మీద ఉంది, నేను చదివాను, అయినా ఒకసారి పోశాను. సీసా అడుగున ఇప్పటికీ నల్లటి ముద్ద ఒకటి తేలుతోంది.

పూసేటప్పుడు పల్చటి పాలలా ఉంటుంది. బ్రష్ తుప్పు మీద తాకిన చోట మొదట ఏమీ జరగదు. ఇంకో రెండు జానలు పూసి వెనక్కి చూసేసరికి మొదట పూసిన చోట ఊదా రంగు మరకలు తేలుతుంటాయి, గుంటల్లో ముందు, మిట్టల మీద తర్వాత. పావుగంటకి గాడు మొత్తం కాటుకలా నల్లబడింది. నల్లబడకుండా బూడిద రంగులో ఉండిపోయిన చోట్లు రెండు కనిపించాయి. వేలు పెట్టి చూస్తే ఒకచోట గ్రీజు, ఇంకోచోట నిగనిగలాడే ఇనుము. అంటే రంగు మారడమే మనకి పరీక్ష. అరగంట ఆగి రెండో చేయి పూశాను. పక్కనున్న మంచి పెయింట్ మీద చింది ఉంటే వెంటనే తడిగుడ్డతో తుడవండి. ఆరాక ఆ నల్ల మరక నీతోనే ఉంటానంటుంది. నేల మీద పడితే సిమెంటు మీద కూడా అంతే, మా షెడ్డు ముందు ఇంకా ఉంది.

తర్వాత కనీసం ఒక రోజు ఆరనివ్వాలి. ఆ రాత్రి మంచు కురుస్తుందేమోనని నాకు ఒకటే టెన్షన్, టార్పాలిన్ కప్పాను. టార్పాలిన్ రేకుకి తగలకుండా కింద కర్రలు అడ్డం పెట్టాను. తగిలితే దాని కింద చెమ్మ పట్టి అదే చోట తెల్లటి మచ్చలు పడతాయని ఒక కుండీ స్టాండు మీద ముందే చూసి ఉన్నాను.

దీని మీద ఏ పెయింట్ వేయాలన్నది ఇంకో పేచీ. మందు ఆరాక అదే ప్రైమర్ అంటారు. సరే, కానీ దాన్ని అలాగే వదిలేస్తే ఎండకీ వానకీ కొన్నాళ్లే. పైన ఆయిల్ పెయింట్ వేయమని సీసా మీద ఉంది, తొట్టికి అదే వేశాను. రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ వేయాలనుకునేవాళ్లు ముందు ఎపాక్సీ డబ్బా మీద ఏం రాశారో చదవండి. యాసిడ్ ఉన్న మందుల మీద ఎపాక్సీ సరిగా గట్టిపడకపోవచ్చు. నన్ను అడిగితే ఎపాక్సీ వేసే ఓపిక ఉన్నవాళ్లకి ఈ మందు అక్కర్లేదు. ఇనుము తెల్లగా కనిపించేదాకా శుభ్రం చేసి నేరుగా ఎపాక్సీ వేయడమే దానికన్నా గట్టి పని.

ఇప్పుడు 19 నెలల తర్వాత ఎక్కడ ఎలా ఉందో చెప్తాను.

తొట్టి నేల: చాలా బాగుంది. కుండీల అంచులు గీసుకున్న చోట పెయింట్ పోయింది, ఆ గీతల్లో నలుపు కనిపిస్తోంది తప్ప ఎరుపు లేదు. తలుపు గొళ్లెం దగ్గర బొటనవేలంత మచ్చ ఒకటి మళ్లీ ఎర్రబడింది, అంతే. దీనికి నూటికి తొంభై మార్కులు. మ్యాట్ మళ్లీ వేయలేదు, అది కూడా లెక్కలోకి వస్తుంది.

క్యాబిన్ పైకప్పు అంచు, వాన నీరు జారే సన్న కాలువ: బాగానే ఉంది. అక్కడ అతుకు మీద నీళ్లు దిగకుండా వేసే సీమ్ సీలెంట్ ఎండి పగిలిపోయి ఉంటే గీకేసి, మందు పూసి, ఆరాక కొత్త సీలెంట్ వేశాను. ఇక్కడ గెలిచింది మందా, సీలెంటా అంటే సీలెంటే అనుకుంటాను.

ఎడమ చక్రం వంపు: ఓడిపోయింది. ఏడో నెలలో, మొదట బుడగలు వచ్చిన చోటుకి రెండు వేళ్ల పక్కన కొత్త బుడగ వచ్చింది. తర్వాత దాని పక్కన ఇంకోటి.

ఈ ఓటమి గురించి కాస్త ఎక్కువే రాయాలి, ఎందుకంటే పికప్‌లు కుళ్లేది ఇక్కడే. చక్రం వంపు దగ్గర బయటి రేకు, లోపలి రేకు కలుస్తాయి. అంచుని చపాతీ మడత పెట్టినట్టు లోపలికి మడిచి, రెండిటినీ వెల్డింగ్ చుక్కలతో పట్టేస్తారు. ఆ మడతలో వెంట్రుక పట్టేంత సందు. చక్రం చిమ్మిన బురద అంచు మీద పేరుకుని, అందులోని నీళ్లు ఆ సందులోకి పాకుతాయి. పాకిన నీళ్లకి బయటికి వచ్చే దారి లేదు, ఎండ తగిలే దారీ లేదు. తుప్పు అక్కడ మొదలై, లోపలి నుంచి బయటి రేకుని తింటూ వచ్చి, చివరికి మన పెయింట్ కింద బుడగై పలకరిస్తుంది. నేను గీకింది బయట, పూసింది బయట. మందు తాకిన తుప్పు నల్లబడింది. తాకని తుప్పు లోపల తన పని తాను చేసుకుపోయింది. తప్పు మందుదా? దాన్ని తాకనివ్వని చోట దాన్నేం చేయమంటాం? కానీ సీసా మీద బొమ్మ మాత్రం సరిగ్గా చక్రం వంపుదే వేశారు. ఒక మార్కు అక్కడ తీసేశాను.

క్యాబిన్ వెనక మూల, డోర్ కింద సిల్ (పొడవాటి బోలు రేకు పెట్టె) వచ్చి కలిసే చోటు ఇంకా పెద్ద కథ. అక్కడ పాత యజమాని చేయించినదో ఏమో, రబ్బరులాంటి నల్లటి అండర్‌కోటింగ్ మందంగా ఉంది. చూడ్డానికి చాలా భద్రంగా ఉంది. ఒక మూల గోటితో లేపితే చెప్పు అట్టలా ఊడొచ్చింది, వెనక తడి తడి తుప్పు. తుప్పు మీదే కోటింగ్ కొట్టేస్తే ఇంతే, నీళ్లు బయటికి పోకుండా దుప్పటి కప్పినట్టు. నేను అక్కడా గీకి మందు పూశాను. రెండు నెలలకి పెయింట్ కుంగి అరచేతి వెడల్పున గుంట పడింది. వెల్డింగ్ చేసే అబ్బాయికి చూపిస్తే సుత్తి కొనతో రెండు చోట్ల తట్టి, "ఇక్కడ రేకు ఎక్కడుందన్నా, పెయింటే నిలబడుంది" అన్నాడు. నిజంగానే మంచి రేకు మీద తడితే ఖంగుమంటుంది, అక్కడ మాత్రం అట్టపెట్టె మీద కొట్టినట్టు చప్పుడు.

అక్కడికి ఏ మందూ పనికిరాదు. చిల్లు చుట్టూ మంచి రేకు తగిలేదాకా కోసేసి, కొత్త రేకు ముక్క వంచి వెల్డ్ చేయాల్సిందే. అతను 0.6 మిల్లీమీటర్ల సన్న వైరు మిగ్ వెల్డింగ్‌తో ఒక చుక్క ఇక్కడ, తర్వాతది ఎదురు మూలన, ఇలా తిరుగుతూ అతికించాడు. ఒకే గీతగా లాగితే వేడికి రేకు వంకర్లు పోతుందట. గంటలో అయిపోతుందనుకున్న పని పొద్దు గూకేదాకా పట్టింది. పని మొదలెట్టక ముందే బ్యాటరీ వైరు విప్పాడు, ఆ పక్కనే పోయే డీజిల్ పైపు పక్కకి జరిపి తడిగోనె కప్పాడు, అది చూశాకే నాకు నమ్మకం కుదిరింది. వెల్డింగ్ అయ్యాక అతను చెప్పిన మాటే నన్ను రెండో సామాను వైపు నడిపించింది: "బయట నువ్వెంత పెయింటన్నా కొట్టుకో. లోపలి వైపు పెయింట్ ఈ వేడికి కాలిపోయింది. ఇప్పుడు అక్కడ వట్టి ఇనుమే ఉంది."

ఆ రెండో సామాను క్యావిటీ వ్యాక్స్. నిజానికి ఈ సమీక్షలో 5కి 5 దీనికే. పల్చటి నూనెలాంటి మైనం, స్ప్రే డబ్బాలో వస్తుంది, దానితోపాటు మోచేతి పొడవున్న సన్న ట్యూబు. ట్యూబు చివర చుట్టూ చిమ్మే చిన్న నాజిల్. సిల్‌కి ఉన్న రబ్బరు బిరడాలు తీసి, ట్యూబు చివరిదాకా తోసి, నొక్కుతూ నెమ్మదిగా వెనక్కి లాగాలి. మైనం అతుకుల సందుల్లోకి పాకుతుంది. నీళ్లు పాకిన దారిలోనే ఇదీ పాకుతుంది, నాకు నచ్చింది అదే. ఆరాక కూడా గట్టిపడి పెళుసు కాదు, మెత్తగానే ఉంటుంది, అందుకని పగలదు. వెల్డింగ్ ముందు అయిపోవాలి, వ్యాక్స్ తర్వాత. తిరగేసి చేస్తే మంటలే. ఒక రోజంతా బండి కింద తేనె రంగు చుక్కలు కారాయి, వారం దాకా క్యాబిన్‌లో కిరసనాయిలు వాసన. భరించవచ్చు.

వ్యాక్స్ కొట్టేముందు డోర్ల కింద నీళ్లు పోయే కంతలు చూసుకోండి. ప్రతి డోర్ అడుగున సన్నటి చీలికలు ఉంటాయి. గ్లాసు పక్కనుంచి లోపలికి దిగే వాన నీరు వాటిల్లోంచి పోవాలి. మా బండి కుడి డోర్‌లో ఉన్న మూడూ పూడుకుపోయాయి. సైకిల్ పుల్ల ముక్క వంచి ఒకదాంట్లో పొడిచాను. మొదట బురద ముద్ద, తర్వాత వేపాకు పుల్లలు, ఆ తర్వాత ఒక్కసారిగా చాయ్ రంగు నీళ్లు నా మోచేతి మీదుగా చంకలోకి. దాదాపు అర లీటరు ఉంటుంది. వాన పడి అప్పటికి పన్నెండు రోజులు. అంటే ఆ డోర్ పన్నెండు రోజులుగా తన అడుగు రేకుని ఆ నీళ్లలో నానబెట్టుకుని తిరుగుతోంది. ఆ కంతలు శుభ్రం చేసి, లోపల వ్యాక్స్ కొట్టి, వ్యాక్స్ మళ్లీ కంతని మూసేయకుండా అదే పుల్లతో ఇంకోసారి పొడిచాను. డోర్ అడుగున బయటికి కనిపిస్తున్న తుప్పు మీద మందు పూశాను. ఇప్పటిదాకా అక్కడ ఏమీ లేదు. ఒక్క బుడగ లేదు. చక్రం వంపు దగ్గర ఓడిన ఆ మందే ఇక్కడ గెలిచింది, తేడా వెనకవైపు తడి లేకపోవడం ఒక్కటే.

మేనల్లుడితో ఈ మాటే అన్నాను. "అయితే మామయ్యా, పుల్లకే అయిదు మార్కులివ్వు" అన్నాడు వాడు.

కొనాలా వద్దా అంటే, మీ తుప్పు ఎక్కడుందో చూసుకోండి. రేకు రెండువైపులా చేతికి అందుతుంటే, గీకాక కూడా గట్టిగా నిలబడి ఉంటే, కొనండి, పైసా వృథా కాదు. తొట్టి నేల, ఛాసిస్ పైభాగం, బ్యాటరీ కింది పళ్లెం, బంపర్ బ్రాకెట్లు, ఇలాంటివాటికి ఇంతకన్నా తేలికైన దారి నాకు తెలీదు. మడతల్లో, పెట్టెల్లాంటి సిల్ లోపల, బుడగలొచ్చిన అంచుల్లో ఉంటే సీసా జోలికి పోకండి, వ్యాక్స్ డబ్బా కొనుక్కోండి, లేదా వెల్డర్‌ని కలవండి. స్క్రూడ్రైవర్ దిగిపోతే ఇక రెండో మాట లేదు.

నా వంతు తప్పులు కూడా ఉన్నాయి. రెండో చేయికీ పెయింట్‌కీ మధ్య క్యాబిన్ పైకప్పు మీద రోజు ఆగలేదు, సాయంత్రానికే కొట్టేశాను. అక్కడ కొన్నిచోట్ల పెయింట్ ముడతలు పడింది. దానికి మార్కులు కొయ్యలేదు. కోసింది రెంటికి: ఒకటి చక్రం వంపు బొమ్మకి, ఇంకోటి గీకే పని రెండు రోజులని చెప్పకుండా ఒక్క లైనులో దాటేసినందుకు.

సీసాలో ఇంకా మూడో వంతు ఉంది, అడుగున ఆ నల్ల ముద్దతో సహా. ఎడమ చక్రం వంపు బుడగలు ఇప్పుడు ఐదయ్యాయి. వచ్చే నెల అంచు కోయించి కొత్త రేకు వేయిస్తున్నాను. అతుకు వేసేముందు మడత లోపల వెల్డింగ్ ప్రైమర్ (వెల్డింగ్ వేడిని తట్టుకునే ప్రైమర్), వేశాక వ్యాక్స్. సీసా మాత్రం కుండీల స్టాండ్లకి తీసి పక్కన పెట్టాను.